షేర్ ఆటోలో షేర్, నాగలి షేర్ ఒకటేనా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి. నిన్న ఇంగ్లీషు పుస్తకంలో 'ప్లౌషేర్' అనే మాట వస్తే నాగలి కర్రు అని చెప్పాను. అంతే, మొదలుపెట్టింది. మనం షేర్ ఆటో ఎక్కుతాం, నువ్వు ఫోటోలు షేర్ చేస్తావు, బాబాయి షేర్లు కొంటాడు, మరి నాగలికి షేర్ ఏంటి నాన్నా, ఇవన్నీ ఒకటేనా అని. పైగా వాళ్ల నానమ్మ 'సేరు బియ్యం' అంటుంది కదా, అదీ ఇదేనేమో అని ఇంకో అనుమానం. పిల్లకి తప్పు చెప్పకూడదని టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాతనిఘంటువు:
సేరుకీ దీనికీ సంబంధం లేదండీ, అది మన దేశపు కొలత. మిగతావన్నీ చుట్టాలే. అన్నిటికీ మూలం 'కోయడం'. గొర్రెల బొచ్చు కత్తిరించడాన్ని ఇంగ్లీషులో 'షియర్' అంటారు, ఆ క్రియకి పాత ఇంగ్లీషులో ఉన్న రూపం నుంచే కోసి తీసిన భాగం, వాటా అనే అర్థంలో షేర్ పుట్టింది. నేలని కోసుకుంటూ పోయే కర్రుది దాని తోబుట్టువు లాంటి ఇంకో మాట, కాలక్రమంలో రెండూ ఒకేలా పలకడం మొదలైంది. ఇదే వంశంలో 'షార్ట్' ఉంది, అంటే కత్తిరించి పొట్టి చేసింది. షర్ట్ కూడా అంతే, దాని స్కాండినేవియా తోబుట్టువు స్కర్ట్. క్రికెట్ స్కోర్ కూడా ఇంటివాళ్లే అంటే మీ పాప ఆశ్చర్యపోతుంది. స్కోర్ అంటే కర్ర మీద కత్తితో పెట్టే గాటు. తొలి రోజుల్లో పరుగులు లెక్కపెట్టడానికి నిజంగానే కర్ర మీద గాట్లు పెట్టేవారు.

బాబాయి గారి షేర్ల సంగతి. కంపెనీలో వాటా అనే అర్థం 1600 ప్రాంతంలో స్థిరపడింది. ఈస్టిండియా కంపెనీ మొదలైంది కూడా 1600లోనే. తొలినాళ్లలో ఒక్కో ఓడ ప్రయాణానికి విడిగా డబ్బు పోగుచేసి, సరుకు అమ్ముడయ్యాక పెట్టుబడిని బట్టి పంచుకునేవారు. 1611లో మన మచిలీపట్నం చేరిన గ్లోబ్ అనే ఓడ అలాంటి ప్రయాణం మీద వచ్చిందే.

చెన్నైతెలుగు:
చాలా బాగా చెప్పారు. కానీ నా మనసు తెలుగు వైపు పోయింది. మన 'పంచు' కూడా అచ్చం ఇలాంటిదే. పంచు, పాలు (తాగే పాలు కాదు, వాటా), పగులు ఈ మూడూ ఒకే ద్రావిడ ధాతువు పిల్లలు. ఇక్కడ తమిళంలో వాటాని పంగు అంటారు, షేర్ మార్కెట్‌ని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. పంగాళి అంటే దాయాది. అసలు దాయాది అన్న సంస్కృత మాటకే ఆస్తిలో వాటా తీసుకునేవాడని అర్థం. మన పేపర్లు భారత్ పాకిస్తాన్ మ్యాచ్‌ని దాయాదుల పోరు అని రాస్తాయి కదా, అది చూసినప్పుడల్లా నాకు 1947 గుర్తొస్తుంది.

సంస్కృతంలో భాగం, విభజన, భక్తి ఒకే ధాతువు నుంచి వచ్చాయి. అన్నాన్ని హిందీలో భాత్ అంటారే, అదీ అక్కడిదే, పంచి పెట్టింది అని.

మెట్టపొలం:
కర్రు మాట వచ్చింది కాబట్టి ఆగలేక రాస్తున్నాను. మా చిన్నప్పుడు దుక్కి మొదలయ్యే ముందు అరిగిపోయిన కర్రుని కొలిమికి తీసుకెళ్లేవాళ్లం. ఎర్రగా కాల్చి, సుత్తితో సాగగొట్టి, మొన తీసి నీళ్లలో ముంచితే చుయ్యిమని ఆవిరి లేచేది. కర్రు కాల్చి వాత పెట్టడం అని ఊరికే అనలేదు, ఆ ఎరుపు చూస్తేనే భయమేసేది.

పంచుకోవడం గురించి ఒకటి. మా నాన్న, పెదనాన్న వేరుపడ్డప్పుడు పొలానికి చీట్లు వేశారు, ఇంటి పెరడు మధ్యలో గోడ కట్టారు. బావి సరిగ్గా మధ్యలో ఉండడంతో గోడని దాని గట్టు దాకా తెచ్చి ఆపి, అవతల మళ్లీ ఎత్తారు. అటో గిలక, ఇటో గిలక. పెద్దమ్మ, అమ్మ మాట్లాడుకోని రోజుల్లో కూడా ఒకరి చేద నీళ్లను తాకిన చప్పుడు రెండోవాళ్లకి వినిపించేది. ఆస్తి పంచుకున్నారు అన్నా, కష్టం పంచుకున్నారు అన్నా మనకి ఒకటే మాట. నాకు ఆ బావి చూశాకే ఆ మాట అర్థమైంది.

కృష్ణాతీరం:
అందరికీ చాలా థాంక్స్. పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చదివి వినిపించాను. స్కోర్ సంగతికి నోరు తెరిచేసింది, స్కేలు అంచున పెన్సిల్‌తో గాట్లు పెడుతోంది ఇప్పుడు. మెట్టపొలం గారూ, దానికి ఇంకో ప్రశ్న వచ్చింది, అడగమంటోంది: ఆ బావిలో ఇంకా నీళ్లున్నాయా?

మెట్టపొలం:
ఉన్నాయమ్మా. గిలకలే లేవు, రెండువైపులా మోటార్లు పెట్టారు. మా అన్నయ్యా నేనూ ఉదయం వాళ్లు, సాయంత్రం మేము అని వంతులు పెట్టుకున్నాం.