పాత అంబాసిడర్‌లో ఎటు పోతున్నాయో తెలియని వైర్లు, చూసినవాళ్లు చెప్పండి

అంబీబాబు_గుంటూరు:
పోయిన నెల 1986 అంబాసిడర్ కొన్నాను, మార్క్ 4 పెట్రోలు. గవర్నమెంటు వేలంలో పోయి, ఇద్దరి చేతులు మారి నా దగ్గరికొచ్చింది. ఇంజను బాగుంది, వైరింగ్ చూస్తేనే భయమేస్తోంది. టాప్ లైనింగ్ విప్పితే ఎరుపూ నలుపూ రెండు వైర్లు నడినెత్తి దాకా వెళ్లి తెగి ఉన్నాయి. డిక్కీలో నల్లటి గుండ్రటి కేబుల్ చుట్ట చుట్టి పడుంది, మధ్యలో ఒకటే రాగి తీగ, చుట్టూ జాలీ. స్టీరింగ్ కింద ఒక టాగుల్ స్విచ్చి, వేసినా తీసినా ఏమీ అవదు. బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో తీసేసి ఎవరో ఆల్టర్నేటర్ పెట్టారు, కానీ డైనమో ఛార్జింగ్‌ని అదుపు చేసే పాత కటౌట్ బాక్స్ అలాగే ఉంది. దాని నుంచి ఒక పసుప్పచ్చ వైరు టేపు చుట్టుకుని కిందికి పోతోంది. అసలు బాధ ఏంటంటే, రాత్రి ఆపితే తెల్లారి సెల్ఫ్ మూలుగుతుంది, రెండో రోజుకి టిక్కుమని కూడా అనదు. బ్యాటరీ కొత్తదే.

పాతబండి_రాజమండ్రి:
బ్యాటరీ మైనస్ ఊడదీసి పడుకో గురూ. పదకొండేళ్లుగా నేను చేస్తున్నది అదే.

కృష్ణాజిల్లా_పద్మిని:
అది రిపేరు కాదండి, సర్దుకుపోవడం. మైనస్ టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్య మల్టీమీటర్ ఆంప్స్‌లో పెట్టి, ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోండి. ఎక్కడ రీడింగ్ పడిపోతే దొంగ అక్కడ ఉన్నట్టు. నా పద్మిని కారులో క్యాసెట్ ప్లేయర్ అలాగే పట్టుబడింది. అది పాడి పదిహేనేళ్లయింది, కరెంటు మాత్రం తాగుతూనే ఉంది.

మార్క్2_మావయ్య:
ఒక్కో ఫ్యూజూనా? కటౌట్ బాక్స్ ఉన్న అంబాసిడర్లో ఉన్నవే రెండు ఫ్యూజులు నాయనా. హెడ్‌లైట్లకీ ఇగ్నిషన్‌కీ అసలు ఫ్యూజే లేదు. ఆ రెండూ పీకాక ఏం పీకుతారు? ఇంకోటి, మీటర్ అలా పెట్టి మర్చిపోయి సెల్ఫ్ కొట్టకండి. నాది అలాగే పోయింది. మీటర్ బదులు 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు పెట్టండి. వెలిగితే పెద్ద లీకు ఉంది, ఆరితే అది పోయినట్టు. చిన్న లీకుకి మాత్రం ఈ బల్బు వెలగదు.

లూకస్_మాస్టర్:
నలభై ఏళ్ల సర్వీసు నాది. బల్బులూ మీటర్లూ ఎందుకు, రంగు చూస్తే చాలు. బ్రౌన్ అంటే నేరుగా బ్యాటరీ. తెలుపు తాళం తిప్పాక వచ్చేది, ఆకుపచ్చ తాళం తర్వాత ఫ్యూజు కూడా దాటింది. నీలం హెడ్‌లైట్లు, ఎరుపు సైడ్ లైట్లు, టెయిల్ లైట్లు. నలుపు ఎర్త్. కాబట్టి టాప్‌లో ఎర్ర వైరు సైడ్ లైట్ల లైనే. సందేహమే లేదు.

తెనాలి_తారక్:
సైడ్ లైటు నడినెత్తి మీద ఎందుకుంటుంది మాస్టారూ 😀

లూకస్_మాస్టర్:
కంపెనీ కలర్ కోడ్ అది. నేను కనిపెట్టింది కాదు.

తెనాలి_తారక్:
కంపెనీ వేసిన వైరుకి కంపెనీ కోడ్. ఇది ఏ బస్టాండు పక్క ఎలక్ట్రీషియనో వేసిన వైరు. షాపులో ఆ పూట ఏ చుట్ట ఉంటే అదే కోడ్. నా బండిలో హారన్‌కి ఇంట్లో ట్యూబ్‌లైటుకి వాడే జంట వైరు వేశారు.

లూకస్_మాస్టర్:
నీలాంటోళ్లు అలాంటోళ్ల దగ్గరికి వెళ్లబట్టే బళ్లు తగలబడుతున్నాయి.

తెనాలి_తారక్:
నువ్వు, నీలాంటోళ్లు అనకండి. సర్వీసు నలభై ఏళ్లైనా మర్యాద మర్యాదే.

కృష్ణాజిల్లా_పద్మిని:
తగలబడటం గురించి తెలియక మాట్లాడుతున్నారు. మా నాన్నగారి మొదటి ఫియట్ ఇంటి ముందే కాలింది. ఫాగ్ లైట్లకి బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా లైను లాగారు, అది డ్యాష్‌బోర్డు వెనక రేకు అంచుకి ఒరుసుకుని తోలు పోయింది. రంగు ఎర్రదే, కోడ్ ప్రకారమే. ఏం లాభం? ఎటు పోతుందో తెలియని వైరుకి ముందు బ్యాటరీ వైపు చివర విప్పి టేపు వేయండి. రంగుల గొడవ తర్వాత.

మార్క్2_మావయ్య:
పాజిటివ్ ఎర్త్ బండైతే, అంటే బ్యాటరీ ప్లస్‌ని బాడీకి కలిపిన బండైతే, ఈ లెక్కలన్నీ తలకిందులు, చూసుకోండి.

తెనాలి_తారక్:
1986 బండికి పాజిటివ్ ఎర్త్ ఏంటి మావయ్యా. పైగా ఆల్టర్నేటర్ పెట్టారంటున్నాడు. ఉల్టా ఇస్తే డయోడ్లు ఆ క్షణమే పోతాయి.

సిరిసిల్ల_శీను:
అందరూ వైరు చూస్తున్నారు, అది ఎక్కడిదాకా పోయిందో చూడట్లేదు. వేలం బండి, నడినెత్తి, రెండు వైర్లు. అది ఆఫీసర్ల కారు మీద వెలిగే ఎర్రబుగ్గ వైరన్నా! మా నాన్న ఆఫీసు డ్రైవరు. బుగ్గ కారు సందు తిరిగితే వీధిలో పిల్లలమంతా వెనక పరిగెత్తేవాళ్లం. వెనక సీటు దొరగారికి చిన్న ఫ్యాను కూడా ఉండేది, దాని వైరు కూడా ఎక్కడో ఉంటుంది చూడు. 2017 మే 1 నుంచి బుగ్గలు తీసేయమన్నారు కదా, తీసినచోట కన్నానికి లప్పం కొట్టి రంగేస్తారు. టాప్ మీద అయస్కాంతం పెట్టి చూడు, లప్పం ఉన్నచోట అతుక్కోదు.

బర్మింగ్‌హామ్_భాస్కర్:
ఆ గుండ్రటి కేబుల్ వైర్‌లెస్ సెట్టు ఏరియల్‌దండి. చూడ్డానికి కేబుల్ టీవీ వైరులా ఉంటుంది కానీ టీవీది 75 ఓమ్స్, వైర్‌లెస్ సెట్లది 50. పైన తోలు మీద ఆర్‌జీ 58 అని అచ్చు ఉందేమో చూడండి, అది 50 ఓమ్స్ రకం. ఇక్కడ నా దగ్గర 1959 మోరిస్ మైనర్ ఉంది, దానికి నిజంగానే పాజిటివ్ ఎర్త్. మావయ్యగారు పూర్తిగా తప్పేం కాదు.

మార్క్2_మావయ్య:
చూశారా.

ఫియట్_1968_విశాఖ:
నాది 1968 ఫియట్ 1100 డిలైట్, ఒక్క వైరు కూడా మార్చలేదు. 2021 రూల్ ప్రకారం యాభై ఏళ్లు దాటి ఒరిజినల్‌గా ఉన్న బండికి వీఏ అక్షరాలతో వింటేజ్ నంబరిస్తారు. 20,000 కట్టాలి, పదేళ్లు చెల్లుతుంది. మీ వేలం బళ్లకి ఆ భాగ్యం లేదు లెండి.

పాతబండి_రాజమండ్రి:
వీఏ నంబరు తీసుకుంటే రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. షెడ్డులో పెట్టి పసుపూ కుంకుమా పెట్టుకోండి.

కొత్తగూడెం_జీపు:
బ్యాటరీ సంగతి అందరూ వదిలేశారు. తాళం తీసేసి, ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గర స్క్రూడ్రైవర్ మొన ఆనించు. గట్టిగా లాగితే లోపల ఫీల్డ్‌కి, అంటే కరెంటిస్తే అయస్కాంతమయ్యే తీగచుట్టకి, ఇరవై నాలుగు గంటలూ కరెంటు పోతున్నట్టే. డైనమో మార్చిన బళ్లలో ఇది మామూలే.

అంబీబాబు_గుంటూరు:
శీను అన్నా, దండం. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి పెట్టాను, టాప్ మధ్యలో అరచేయంత మేర జారిపోయింది. బుగ్గే. కేబుల్ మీద ఆర్‌జీ 58 అని ఉంది, భాస్కర్ గారూ.
జీపు గారూ, తాళం నా జేబులో ఉండగానే స్క్రూడ్రైవర్ ఠక్కున అతుక్కుంది! పసుప్పచ్చ వైరు ఆల్టర్నేటర్ దగ్గర ఊడదీస్తే మావయ్యగారి బల్బు ఆరిపోయింది. కటౌట్ బాక్స్‌లో దాన్ని బ్రౌన్ వైరుకి కలిపేశారు. ఇప్పుడు తాళం నుంచి డ్యాష్‌బోర్డు ఛార్జింగ్ బల్బు దాటించి ఇచ్చాం. మూడు రోజులు నిలిపాను, ఒక్క దెబ్బకి స్టార్ట్.

లూకస్_మాస్టర్:
బ్రౌన్ అంటే నేరుగా బ్యాటరీ అని నేను మొదటే చెప్పాను.

తెనాలి_తారక్:
సైడ్ లైట్లని కూడా చెప్పారు.

అంబీబాబు_గుంటూరు:
టాగుల్ స్విచ్చి సంగతి ఎవరూ చెప్పలేదు.

సిరిసిల్ల_శీను:
దాని వెనక వైర్లు ఉన్నాయా అసలు?

అంబీబాబు_గుంటూరు:
లేవు.

ఫియట్_1968_విశాఖ:
డిలైట్‌కి ముందు హెడ్‌లైటు రింగులు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? జత కావాలి. ఒరిజినలే.