తెలంగాణ బరువెంత? రాష్ట్రాన్ని ముక్కలా తీసి తూచాలంటే కింద ఎక్కడ కొయ్యాలి?

గులకరాయి: వైశాల్యం 1,12,077 చదరపు కిలోమీటర్లు. సగటు ఎత్తు 400 మీటర్లు అనుకుందాం. గ్రానైట్ సాంద్రత ఘనమీటరుకు 2,700 కిలోలు. మూడూ గుణిస్తే 1.2 కోటి కోట్ల టన్నులు (కోటి కోట్లంటే ఒకటి పక్కన 14 సున్నాలు). సముద్రమట్టం దగ్గర కొయ్యడమే సబబు అంటాను. ఆ పైనున్నది ఎత్తుల పటాల్లో దొరుకుతుంది. కిందిది ఎవరు తవ్వి చూశారు?

మోహోగీత: గుమ్మడికాయ తొడిమ తూచి కాయ బరువు చెప్పినట్టుందండీ. ఆ 400 మీటర్లు ఊరికే నిలబడలేదు. భూపటలం, అంటే భూమి పైపెచ్చు, తనకంటే బరువైన ప్రావారం (పటలం కింది రాతి పొర, ఘనమీటరుకు 3,300 కిలోలు) మీద తేలుతోంది. 400 మీటర్లు పైకి లేవాలంటే కింద రెండు కిలోమీటర్లకు పైగా వేరు దిగాలి: 400 × 2,786 ÷ (3,300 − 2,786) = దాదాపు 2,170 మీటర్లు (2,786 పటలం సగటు సాంద్రత, లెక్క కింద చెబుతా). సముద్రమట్టం నీటికి హద్దు, రాయికి కాదు. రాయికి హద్దు మోహో, అంటే పటలం ముగిసి ప్రావారం మొదలయ్యే చోటు.

దానికి తవ్వక్కర్లేదు. భూకంపంలో అన్నిటికంటే ముందు అందే పి తరంగాలు పటలంలో సెకనుకు 6 నుంచి 7 కిలోమీటర్ల వేగంతో పోతాయి, మోహో దాటగానే 8 అందుకుంటాయి. 1970లలో కావలి–ఉడుపి గీత వెంట ఎన్.జి.ఆర్.ఐ. (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు పేలుళ్లు జరిపి చూస్తే మోహో 34 నుంచి 41 కి.మీ. లోతులో తేలింది. హైదరాబాద్ కింద దాదాపు 33. రాష్ట్రానికి 35 వేసుకోండి. సాంద్రత పై 20 కి.మీ.కి 2,700, కింది 15కి 2,900, సగటు 2,786. జవాబు 109 కోటి కోట్ల టన్నులు. మీ లెక్కకు 90 రెట్లు.

నాపరాయి: అంతా గ్రానైట్ కాదు కదా. పడమటి అంచున, ఆదిలాబాద్ వైపు దక్కన్ బసాల్టు (గట్టిపడ్డ లావా నల్లరాయి) ఉంది, గోదావరి లోయలో బొగ్గు పొరల ఇసుకరాయి ఉంది. వాటి మాటేమిటి?

మోహోగీత: వేసి చూద్దాం. 15 శాతం నేల మీద 100 మీటర్ల బసాల్టు, ఘనమీటరుకు 250 కిలోలు ఎక్కువ అనుకోండి: మొత్తంలో 0.004 శాతం. మరో 15 శాతం మీద 3 కి.మీ. మందాన ఇసుకరాయి, 300 కిలోలు తక్కువ అనుకోండి: 0.14 శాతం. అదే మోహో లోతులో 2 కి.మీ. పొరపాటైతే దాదాపు 6 శాతం! జల్లెడ పట్టాల్సింది మోహోకే.

గులకరాయి: ఒప్పుకుంటున్నా, సగమే. 6 శాతం తేడా ఉన్న సంఖ్యను 109 అని రాయడం తప్పు. "సుమారు 110" అనండి. పైగా కింది 15 కి.మీ.కి వేసిన 2,900 తరంగ వేగం నుంచి ఊహించినదే, తూచినది కాదు.

నాపరాయి: పై రాయినైనా తూచవచ్చు. పొడి ముక్క బరువు 812 గ్రాములు, దారం కట్టి నీళ్లలో వేలాడదీస్తే 505. తేడా 307; 812 ÷ 307 = 2.64, అంటే నీటికి అన్ని రెట్లు, ఘనమీటరుకు 2,640 కిలోలు. త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి, అందులో ముక్కను వేలాడదీసి, పెరిగిన బరువు చూసే పద్ధతిలోనైతే ముక్క అడుగుకు తగలకూడదు. ఎక్కువమంది చేసే తప్పు మొరం పట్టిన ముక్క ఏరుకోవడం; నీళ్లు పీల్చుకుని లెక్క చెడుతుంది. బుడగల బసాల్టు ఇంకా అన్యాయం. సుత్తితో పగలగొట్టి లోపలి తాజా ముక్క తీసుకోవాలి.

దారినపోయేవాడు: తేలుతోందంటే బరువు సున్నానేగా?

మోహోగీత: పడవ తేలుతుందని దానికి బరువు లేదంటామా? అది పక్కకు నెట్టిన నీటి బరువే దాని బరువు. అందుకే తేలుతోంది.

గులకరాయి: ఒక పాత తప్పు కూడా చూసుకోండి. ఇప్పటికీ చాలాచోట్ల వైశాల్యం 1,14,840 అని ఉంటుంది. అది 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లకముందు సంఖ్య. ఆ తేడా 2,763 చదరపు కిలోమీటర్లు, అంటే మీ లెక్కలోనే 2.7 కోటి కోట్ల టన్నులు. సముద్రమట్టం పైనున్న తెలంగాణ మొత్తానికి రెండింతలకు పైనే!