'పొసాద'కు తెలుగు మాట: సత్రమా, విడిదా?

అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో ఉంటాం. ఈ డిసెంబరులో పక్కింటి మెక్సికన్ కుటుంబంతో కలిసి మా వీధి తెలుగువాళ్ళం 'పొసాద' చేద్దామనుకున్నాం. తెలుగులో ఆహ్వానం రాసే పని నాకు పడింది. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.

మెక్సికోలో డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు ఇది చేస్తారు. నిండు చూలాలు మరియ, జోసెఫ్ బేత్లెహేములో బస కోసం తిరిగిన కథ. సగం మంది కొవ్వొత్తులు పట్టుకుని గుమ్మం బయట నిలబడి చోటివ్వమని పాడతారు. మిగతావాళ్ళు లోపలి నుంచి, పొండి, ఇక్కడ చోటు లేదని పాడతారు. చాలాసేపటికి తలుపు తెరుస్తారు. తిండీ ఆటలూ ఆ తర్వాతే. పొసాద అంటే బాటసారులు దిగే చోటు. ఇప్పుడక్కడ ఆఫీసుల్లో ఏడాది చివరి విందును కూడా పొసాద అనే అంటారట. 'మెక్సికన్ క్రిస్మస్ పార్టీ' అని రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ఏమనమంటారు?

ఒక సభ్యుడు: విడిది బాగుంటుందండీ. వినసొంపుగా ఉంది, పండగ కళ కూడా ఉంది.

తెలుగు మాస్టారు ఒకరు: విడిది కుదరదు బాబూ. అది పెళ్ళివారికి ముందే చూసి ఉంచేది. ఎదురెళ్ళి కాళ్ళకు నీళ్ళిచ్చి తీసుకొస్తాం. ఆ తల్లికి అలా ఎవరు ఏర్పాటు చేశారు? పూటకూళ్ళ ఇల్లు అందామంటే అక్కడ భోజనం ముఖ్యం, పడక కాదు. సత్రం అందామా అంటే, అది ధర్మానికి కట్టించేది, వచ్చినవాళ్ళను పొమ్మనకూడదు. ఈ కథంతా పొమ్మనడంలోనే ఉంది.

గుంటూరు నుంచి ఒక సభ్యురాలు: మాస్టారూ, మాకు చిన్నప్పటి నుంచీ అది సత్రమే. లూకా సువార్త తెలుగులో 'సత్రములో వారికి స్థలము లేనందున' అనే ఉంది. క్రిస్మస్ ముందు రాత్రి గుడిలో ఆ వాక్యం చదివినప్పుడల్లా మా అమ్మ కళ్ళు తుడుచుకునేది. పొమ్మనకూడని చోటే పొమ్మంది కాబట్టి ఆ మాట అంత బాధగా ఉంటుంది.

మాస్టారు: ఒప్పుకుంటున్నానమ్మా. నాకు ఆ వైపు తోచలేదు.

మొదట అడిగిన నేను: అక్కా, మీ మాటతో దారి దొరికింది. స్పానిష్‌లో వాళ్ళనేది కూడా 'పొసాద అడగడం' అనే. అంటే మనకు కావలసింది ఆ బస చేసే చోటు పేరు కాదు, అడిగే మాట. 'ఈ రాత్రికి ఇంత చోటివ్వండి' అంటే? పూర్వం పొద్దుపోయి ఊళ్ళోకి వచ్చినవాళ్ళు అరుగుల ముందు నిలబడి అడిగింది ఇదేగా.

మాస్టారు: ఇదే రాయండి. మనకూ ఇంచుమించు ఆ 16నే ధనుర్మాసం పట్టి హరిదాసు గుమ్మంలోకొస్తాడు.

ఒక సభ్యుడు: మరి పొసాదలో వేలాడదీసి కొట్టే పిన్యాతాను ఉట్టి అనొచ్చా?

నేను: ఉట్టి అంటే కుండను వేలాడదీసే తాళ్ళ అల్లికే అయినా, 'ఉట్టి కొట్టడం' అంటే చాలు, పిల్లలకు అర్థమైపోతుంది. పాత పద్ధతి పిన్యాతా కూడా మట్టికుండే. పైన రంగు కాగితాలు అంటించి ఏడు కొమ్ముల చుక్కలా చేస్తారు. ఆ ఏడూ క్రైస్తవంలో చెప్పే ఏడు ఘోర పాపాలట. కొట్టేవాళ్ళ కళ్ళకు గంతలు కడతారు. తాడు పట్టుకున్నవాళ్ళు పైకీ కిందికీ లాగి ఏడిపించడం రెండు చోట్లా ఒకటే. లోపల వేరుశనగకాయలు, చెరకు ముక్కలు, కమలాలు. మెక్సికో నగరానికి దగ్గర్లోని అకోల్మన్ ఊరు వీటికి పేరు. 1587లో పోప్ అనుమతితో ఈ తొమ్మిది రోజుల ప్రార్థనలు మొదలైందీ అక్కడి మఠంలోనే.

గుంటూరు సభ్యురాలు: తాగడానికేం పెడుతున్నారు?

నేను: పోంచే అక్కా. జామకాయ, చెరకు, చింతపండు, దాల్చినచెక్క వేసి వేడిగా మరిగిస్తారు. తీపికి వాళ్ళ పిలోన్సియో, అచ్చం మన బెల్లం. ఎరుపుకు 'హమైకా' అని ఎండు పూలరేకుల్లాంటివి వేస్తారు. ఏమిటా అని చూస్తే ఎర్ర గోంగూర కాయ మీది తొడిమ రేకులు! ఆహ్వానంలో అదొక్కటి 'గోంగూర పానకం' అని రాసేశాను. పక్కింటి పెద్దావిడకు అర్థం చెబితే, ఆ ఆకు కూర వండి తెమ్మన్నారు.