ఇంటి దగ్గరి గుట్టలో యూవీకి వెలిగే రాళ్లు: లోపం టార్చ్‌దా, గుట్టదా?

వాగుగట్టు:
అందరికీ నమస్తే. మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ప్రభుత్వ భూమి ఉంది. అందులో ఒక రాతిగుట్ట, దాని కింద ఎండిపోయిన వాగు. యూవీ (అతినీలలోహిత) వెలుగులో రంగులు చిమ్మే రాళ్ల ఫోటోలు చూసినప్పటి నుంచి నా మనసంతా ఆ గుట్ట మీదే ఉంది. టార్చ్ తెప్పించుకుని మూడు రాత్రులు తిరిగాను. ఏ రాయి మీద వేసినా ఊదారంగే. తెల్లగా మెరిసినవి పదకొండు ఏరుకొచ్చాను. ఇంట్లో దీపం కింద చూస్తే నాలుగింటికి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి, రెండింటి మీద పిట్ట రెట్ట. టార్చ్ మీద 395 అని ఉంది. ఖనిజాలకి ఇదే సరిపోతుందని అమ్మినవాళ్లు చెప్పారు.

ఒక్క రాయిని మాత్రం పారెయ్యబుద్ధి కావడం లేదు. గుప్పెడంత నల్లరాయి, దానికి అడ్డంగా వేలు మందాన తెల్లచార. టార్చ్ ఆపాక కూడా ఆ చార ఒక్క క్షణం వెలిగినట్టు అనిపించింది. నా భ్రమేనా? గుట్టలో నిజంగానే ఏమీ లేదా, నాకే చూడటం రావడం లేదా?

రాళ్లసంచి:
భ్రమ కాకపోవచ్చండీ. ముందు ఆ చార సంగతే తేల్చుకోండి. బాగా చీకటిగా ఉన్న గదిలో ఒక ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోండి, కళ్లు చీకటికి అలవాటుపడాలి. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని, టార్చ్‌ని చారకి దగ్గరగా పెట్టి పది సెకన్లు వెయ్యండి. టార్చ్ ఆపిన మరుక్షణం కళ్లు తెరవండి. మీ కళ్లు ఆ వెలుగు చూడలేదు కాబట్టి, కనిపించేదేదైనా రాయిలో మిగిలిన వెలుగే. సున్నపురాయిలో ఉండే కాల్సైట్ అనే ఖనిజంలో ఇది తరచుగా కనిపిస్తుంది, ఒకటి రెండు సెకన్లలో కరిగిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను వరుసగా ముప్పై సార్లు చేశాను.

ఆ తర్వాత చార మీద కత్తిమొనతో గీయండి. సులువుగా గీత పడి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే సన్నటి బుడగలు వచ్చాయంటే కాల్సైటే అనుకోవచ్చు. గీత పడకుండా కత్తి లోహమే బూడిదరంగులో రాయికి అంటుకుంటే అది క్వార్ట్జ్ (పలుగురాయి) జాతి.

ఇక టార్చ్. మీరు చూసిన ఊదా రాయిది కాదు, టార్చ్‌దే. దాని మీది 395 అంటే నానోమీటర్లలో వెలుగు తరంగం పొడవు. 395 దగ్గర కంటికి కనిపించే వెలుగు చాలా ఉంటుంది, రాయి ఇచ్చే మందమైన రంగుని అది కప్పేస్తుంది. మీకు కావలసింది 365 నానోమీటర్లది, అదీ ముందు నల్లటి ఫిల్టర్ గాజు ఉన్నది. ఆ గాజు కనిపించే వెలుగుని ఆపి యూవీని మాత్రం వదులుతుంది. ఫిల్టర్ లేని 365 కూడా కాస్త తెల్లటి వెలుగు చిమ్ముతుంది, రాళ్ల మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. 254 నానోమీటర్ల షార్ట్‌వేవ్ (ఇంకా పొట్టి తరంగాల) దీపం ఇంకో లోకం. 365కి పలకని షీలైట్ అనే ఖనిజం దాని కింద నీలంగా మండుతుంది. కానీ అది కళ్లని, చర్మాన్ని కాలుస్తుంది, ఆ నొప్పి కొన్ని గంటల తర్వాత గానీ బయటపడదు. కళ్లద్దాలు లేకుండా దాన్ని ముట్టుకోవద్దు. 365కి కూడా యూవీ ఆపే అద్దాలు పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: పగలు వెళ్లండి. మొదటి ఏడాదంతా నేను రాత్రుళ్లే తిరిగాను. ఒకే వాగులో పైకీ కిందకీ తిరిగి తిరిగి, చేతికొచ్చింది రెండు రాళ్లు. తర్వాత ఒక మధ్యాహ్నం అదే వాగులో నడుస్తుంటే గట్టు కోసుకుపోయిన చోట తెల్లచారలు నిలువునా కనిపించాయి. రాత్రిపూట ఆ గట్టుకి వీపు పెట్టి నడిచేవాడిని. పగటిపూట చూడాల్సింది రాయిలో తేడా: నల్లరాయిలో తెల్లచారలు, పగుళ్లలో పేరుకున్న పూతలు, గింజలు ఉన్నట్టుండి వేలెడంత పెద్దవైన గ్రానైట్ చోట్లు. తుప్పురంగు రాళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగకండి. ఇనుము ఈ వెలుగుని చంపేస్తుంది. చిత్రం చూడండి, పక్కనే మాంగనీస్ కొద్దిగా ఉంటే అదే కాల్సైట్ ఎర్రగా వెలుగుతుంది. స్వచ్ఛమైన ఖనిజం చాలాసార్లు మౌనంగా ఉంటుంది, అందులో చేరిన రవ్వంత పరాయి లోహమే దాన్ని పలికిస్తుంది. అసలు ఇలా వెలగడానికి ఉన్న ‘ఫ్లోరసెన్స్’ అన్న పేరే ఫ్లోరైట్ అనే ఖనిజం నుంచి వచ్చింది, 1852లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త పెట్టాడు. అయినా వెలగని ఫ్లోరైట్ కూడా బోలెడంత దొరుకుతుంది. అందుకే పేరు చూసి రాయి మీద ఆశ పెట్టుకోవద్దు, వదులుకోవద్దు.

అమావాస్య దగ్గర్లో వెళ్లండి. వెలిగిన రాయి పక్కన సుద్దముక్కతో గుర్తు పెట్టి, తెల్లారాక వచ్చి చూసుకోండి.

ఎర్రమట్టిదారి:
రాళ్లసంచి గారు చెప్పనిది ఒకటి. ప్రభుత్వ భూమి అంటే అందరూ ఏరుకోవచ్చని కాదు. అడవి శాఖదా, రక్షిత ప్రాంతమా, గని లీజులో ఉందా అన్నదాన్ని బట్టి నియమం మారుతుంది. నేల మీద పడున్నది తీసుకోనిచ్చే చోట కూడా తవ్వడం, సుత్తితో కొట్టడం ఒప్పుకోకపోవచ్చు. ఆ భూమిని చూసే ఆఫీసుకి వెళ్లి అడగండి, వీలైతే జవాబు కాగితం మీద తీసుకోండి. నేను అడక్కుండా వెళ్లి ఒకసారి సంచి మొత్తం అక్కడే కుమ్మరించి రావాల్సి వచ్చింది. అందులో ఆరు నెలలు వెతికితే దొరికిన, యూవీకి ఆకుపచ్చగా వెలిగే చాల్సిడోనీ (క్వార్ట్జ్ జాతి రాయి) ఉంది. ఇప్పటికీ బాధే.

ఇంకోటి, తేళ్లు. యూవీ కింద నీలం కలిసిన ఆకుపచ్చలో అచ్చం మంచి నమూనాలా వెలుగుతాయి. వెలిగినదల్లా చేత్తో తియ్యకండి, ముందు కర్రతో కదపండి. రాళ్ల మీద పూతలా పెరిగే లైకెన్లలో కొన్ని రకాలు కూడా నారింజరంగులో మోసం చేస్తాయి.

సుద్దగీత:
ఆకుపచ్చ అన్నారు కాబట్టి చెప్తున్నా. చాల్సిడోనీలో, కొన్ని ఒపల్ పూతల్లో ఆ ఆకుపచ్చ వెలుగు అతి కొద్దిపాటి యురేనియం వల్ల వస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ పసుపుపచ్చ రేకుల్లా పొరలు పొరలుగా ఉండి, కళ్లు జిగేలుమనేలా ఆకుపచ్చగా వెలిగితే అది ఆటునైట్ కావచ్చు. అది యురేనియం ఖనిజమే. పగలగొట్టి దుమ్ము లేపకండి, పడకగదిలో పెట్టకండి, పిల్లలకి ఇవ్వకండి, పట్టుకుంటే చేతులు కడుక్కోండి.

వాగుగట్టు:
అందరికీ చాలా కృతజ్ఞతలు. రాళ్లసంచి గారూ, ఇప్పుడే చీకటి గదిలోంచి వస్తున్నాను. కళ్లు తెరిచేసరికి చార మొత్తం పాలరంగులో ఉంది, అంచుల నుంచి లోపలికి ఆరిపోయింది. మా అమ్మాయిని పిలిచి ఏమీ చెప్పకుండా చూపించాను, తనకీ కనిపించింది. వెనిగర్‌కి బుడగలు వచ్చాయి. రేపు ఆఫీసుకి వెళ్లి అడుగుతాను. వాళ్లు సరేనంటే ఆదివారం పగలు వాగు వెంట నడుస్తాను. ఈ రాయి దొరికిన చోటికి కాస్త ఎగువన గట్టు కోసుకుపోయి ఉంది, అటువైపు నేను టార్చ్ వెయ్యనేలేదు.