మొదటిసారి డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: ఒప్పేసుకోవాలా, వాయిదాలకు తిరగాలా?

లంక కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. మొన్న శనివారం రాత్రి మా బావ ఎవరిదో రిసెప్షన్ నుంచి బండి మీద వస్తుంటే కాలువ వంతెన దగ్గర ఆపి మిషన్ ఊదించారు. 74 వచ్చింది. చీటీ చేతిలో పెట్టి, బండి స్టేషన్‌కి పంపి, లైసెన్సు తీసుకున్నారు. మంగళవారం కోర్టుకు రమ్మన్నారు. ఇదివరకు ఏ కేసూ లేదు. బావకి ఖతార్ పని మాట్లాడుకున్నారు, పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇవ్వాలి. ఒప్పేసుకుని ఫైను కట్టేస్తే అయిపోతుందని స్టేషన్ బయట ఒకాయన అన్నాడు. ఒప్పుకుంటే జన్మంతా మచ్చేనని అక్క ఒకటే ఏడుపు. తెలిసినవాళ్ళు చెప్పండి.

వాయిదాల రాజు:
ఒప్పేసుకోమను తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికేముంది? 2016లో నేనూ దొరికాను. పొద్దున్నే వెళ్ళాను. వరండాలో కోర్టు కానిస్టేబులు పేర్లు చదివి వరసలో నిలబెట్టాడు. మేజిస్ట్రేటు గారు తలెత్తి "తాగావా?" అన్నారు, "తాగానండి" అన్నాను. 2,000 ఫైను, కోర్టు లేచేదాకా కూర్చోమన్నారు. సాయంత్రం టీ టైముకి ఇంట్లో ఉన్నాను. అదే మా ఊళ్ళో గట్టు తగాదా కేసొకటి నడిపాను, ఏళ్ళ తరబడి తిరిగాను. వాయిదాకి వెళ్ళిన ప్రతిసారీ పీపీ గారు, అంటే ప్రభుత్వ లాయరు, లేరనో, సాక్షి రాలేదనో చెప్పి పంపించేవాళ్ళు. లాయరు ఫీజు మాత్రం ఏ వాయిదాకీ ఆగలేదు. ఫైను అంటే టోల్‌గేటు లాంటిది, కట్టి ముందుకు పోవడమే.

నల్లకోటు:
రాజు గారూ, 2016 లెక్కలు ఇప్పుడు చెప్పి కుర్రాణ్ణి ముంచకండి. 2019 సెప్టెంబర్ 1 నుంచి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మారింది. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్ళ దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. పాత చట్టంలో "రెండు వేల దాకా" అని ఉండేది, కాబట్టి తగ్గించి వెయ్యడానికి వీలుండేది. ఇప్పుడు "పది వేలు" అనే ఉంది, "దాకా" లేదు. హెల్మెట్ చలానాలాగా రోడ్డు మీదో, ఆన్‌లైన్లోనో కట్టేసే వీలూ లేదు. పోలీసులు రాజీ చేసుకోగల నేరాల జాబితా 200వ సెక్షన్‌లో ఉంది, అందులో 185 లేదు. ఎంత చిన్న కేసైనా మేజిస్ట్రేటు ముందుకు వెళ్ళాల్సిందే.

కుర్రాడికి నేను చెప్పేది ఒక్కటే. కేసు నడపమనడం లేదు. ఒప్పుకునేముందు కాగితాలు చూసుకోమంటున్నాను. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం. 74 అంటే దాటినట్టే. కానీ చీటీ మీద తేదీ, టైము, పేరు, బండి నంబరు, మిషన్ నంబరు సరిగ్గా ఉన్నాయా? సంతకం ఎవరిది? పక్కవాడి చీటీ మన కేసులో అంటించిన ఫైలు నేను కళ్ళారా చూశాను.

కొబ్బరిబోండాం:
తాగాడా లేదా? తాగాడు. మరి చీటీలో అక్షరాలు వెతకడం దేనికండీ?

చింతచెట్టు బాబాయ్:
అసలు పాయింటు ఎవరూ చెప్పట్లేదు. రెండు గంటల్లోపు ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తం తియ్యకపోతే కేసు నిలవదు. చట్టంలోనే ఉంది. మీ బావకి రక్తం తీశారా? తియ్యలేదు కదా. కొట్టేస్తారు. ధైర్యంగా కాదనమను.

నల్లకోటు:
బాబాయ్ గారూ, సగం చదివి చెప్తున్నారు. అది 202వ సెక్షన్. 185 కింద అరెస్టు చేసినవాణ్ణి రెండు గంటల్లోపు డాక్టరు చేత పరీక్ష చేయించాలి, లేదంటే కస్టడీ నుంచి వదిలెయ్యాలి. వదలమంది మనిషిని, కేసుని కాదు. పైగా వీళ్ళ బావని అరెస్టే చెయ్యలేదు, చీటీ ఇచ్చి పంపారు. శ్వాస పరీక్ష మీదే కేసు పెట్టొచ్చని 185లోనే ఉంది.

చింతచెట్టు బాబాయ్:
నేను మీకంటే ముందు నుంచి కోర్టుల చుట్టూ తిరుగుతున్నాను బాబూ. మా తోడల్లుడి కేసు ఇలాగే పోయింది. రెండు గంటలు దాటిందని లాయరు చెప్పాడు, జడ్జి గారు కొట్టేశారు.

నల్లకోటు:
తీర్పు కాపీలో ఏముందో చూశారా? సాక్షి రాకపోతే కూడా కొట్టేస్తారు.

చింతచెట్టు బాబాయ్:
కాపీ తోడల్లుడి దగ్గరుంది. వాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోయారు. రెండు గంటలు అంటే రెండు గంటలే.

ఆటో స్టాండ్:
పది వేలు, రెండు గంటలు సరేనండి. లైసెన్సు సంగతి ఒక్కరూ ఎత్తరేంటి? బతుకు పోయేది అక్కడే కదా. పోయిన ఏడాది మా స్టాండులో ఒకడు మేనల్లుడి పుట్టినరోజుకి ఒక క్వార్టర్ వేశాడు, దొరికాడు. ఫైను వడ్డీకి తెచ్చి కట్టాడు. తరవాత లైసెన్సు మూడు నెలలు ఆపేశారు. ఆటో ఫైనాన్సు వాయిదాలు ఆగుతాయా? ఆటో పోయింది. ఇప్పుడు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా.

నల్లకోటు:
నిజమేనండి. ఫైను కట్టాక కూడా ఆ పని మిగిలే ఉంటుంది. పోలీసులు లైసెన్సుని ఆర్టీవోకి పంపుతారు. 19వ సెక్షన్ కింద మొదటిసారికి మూడు నెలలు అనర్హత వెయ్యొచ్చు, రెండోసారి లైసెన్సే రద్దు. కానీ ఆర్డరు ఇచ్చేముందు మనిషి చెప్పుకునేది వినాలి. నోటీసు వస్తే చాలామంది వెళ్ళరు. వెళ్ళి చెప్పుకోవాలి.

బండి విషయం కూడా చెప్తాను. మందు తాగాడన్న ఒక్క కారణానికి బండి సీజ్ చేసి ఉంచుకోకూడదని, తాగనివాడు లైసెన్సుతో ఉంటే అప్పగించాలని, లేకపోతే తరవాత కాగితాలు చూపించినవాళ్ళకి ఇచ్చెయ్యాలని 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మనది వేరే హైకోర్టు కాబట్టి ఇక్కడ కట్టుబడి తీరాలని లేదు, కానీ ఆర్సీ, ఇన్సూరెన్సు పట్టుకెళ్ళి ఆ తీర్పు చూపించి అడగొచ్చు.

వాయిదాల రాజు:
చూశారా, ఒక్క కేసులో లాయరు గారు ఎన్ని పనులు పుట్టించారో. నోటీసు, తీర్పు, పిటిషను. అన్నిటికీ వకాల్తా, అన్నిటికీ ఫీజు.

నల్లకోటు:
ఫీజు ఇవ్వలేనివాళ్ళకి కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది రాజు గారూ. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా పెడతారు. వెళ్ళి అడగమనండి, నా దగ్గరకి రావద్దనండి.

లంక కుర్రోడు:
అయ్యా గొడవ పడకండి. పాస్‌పోర్టు సంగతి ఒక్కటి చెప్పండి, టెన్షన్‌తో చచ్చిపోతున్నాం.

నల్లకోటు:
పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్ ప్రకారం క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించొచ్చు. ఆ కోర్టే అనుమతిస్తే ఇస్తారు. శిక్ష పడినవాళ్ళ విషయంలో చట్టం చూసేది గడిచిన ఐదేళ్ళలో నైతిక పతనం కిందికొచ్చే నేరానికి రెండేళ్ళు, అంతకు పైన జైలు పడిందా అని. పది వేల ఫైను అందులోకి రాదు. మచ్చ కంటే పెండింగే మీకు అడ్డం. ఆ మేరకు రాజు గారి మాటే మీకు పనికొస్తుంది. అప్లికేషన్లో మాత్రం ఏదీ దాచొద్దు.

వాయిదాల రాజు:
ఆయ్, ఇన్ని సెక్షన్లు తిరిగి చివరికి నా టోల్‌గేటు దగ్గరికే వచ్చారు.

గట్టు మీద వనజ:
మొదటి నుంచీ చదువుతున్నాను. టోల్‌గేటు అన్న మాట రెండుసార్లు వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నాలుగేళ్ళ కిందట మా తమ్ముడు కాలువ గట్టు మీద సైకిలెక్కి చెరువు నుంచి ఇంటికొస్తుంటే కారు గుద్ది వెళ్ళిపోయింది. మా గట్టు రోడ్డు మీకు తెలుసు, ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పొలం, రెండు బళ్ళు ఎదురైతే ఒకటి ఆగాలి. కారు ముందు లైటు పెంకులు, వాడి క్యారేజీ మూత అక్కడే దొరికాయి. మూత మీద వాడి పేరు చెక్కించింది నేనే. మీరంతా ఫైను ఎంత, మచ్చ ఎంత అని లెక్కలేసుకుంటున్నారు. ఆ 74 ఊదినాయన ఏ రోడ్డు మీద వచ్చాడు, ఎంత స్పీడులో వచ్చాడు, ఎదురు ఎవరు వచ్చారు అని ఒక్కరైనా అడిగారా?

కొబ్బరిబోండాం:
అక్కా, చాలా బాధగా ఉంది.

ఆటో స్టాండ్:
అమ్మా, మీ బాధ పెద్దది. కానీ ఒక మాట అంటాను. మీ తమ్ముణ్ణి గుద్దింది కారు. రోజూ ఊదిస్తున్నది ఎవరిని? వైన్ షాపు దాటి వంద గజాల్లో నిలబడి బండ్లవాళ్ళని, ఆటోలని ఆపుతారు. సంక్రాంతికి పందెం బరుల దగ్గర ఎన్ని కార్లు ఉంటాయి, దిండి రిసార్టుల నుంచి చించినాడ వంతెన ఎక్కే కార్లు ఎన్ని? వాటి అద్దం దింపించి గొట్టం నోట్లో పెట్టడం నేనైతే చూడలేదు. తొంభై తొమ్మిది రూపాయల క్వార్టర్ అమ్మించేదీ ప్రభుత్వమే, తాగినవాణ్ణి పట్టేదీ ప్రభుత్వమే, ఫైను వెళ్ళేదీ ప్రభుత్వానికే.

గట్టు మీద వనజ:
కార్లని ఆపట్లేదు కాబట్టి బండ్లని కూడా వదిలెయ్యాలా? ఆటోలో వెనక ఎక్కేది మా పిల్లలే కదా.

ఆటో స్టాండ్:
వదలమనట్లేదమ్మా. అందరికీ ఒకేలా ఊదించమంటున్నాను. కూలివాడు లైసెన్సు పోయి ఆటో అమ్ముకుంటాడు. కారాయన డ్రైవర్ని పెట్టుకుంటాడు, పది వేలు ఆయనకి ఒక రాత్రి బిల్లు.

చింతచెట్టు బాబాయ్:
అమ్మా, ఆ కారాయన కేసులో రెండు గంటల్లో రక్తం తీశారా?

కొబ్బరిబోండాం:
బాబాయ్, ఇప్పుడా?

గట్టు మీద వనజ:
అడిగారు కాబట్టి చెప్తాను. తియ్యలేదు. ఆ రాత్రి దొరకలేదు. మర్నాడు మధ్యాహ్నం పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని తలదువ్వుకుని స్టేషన్‌కి వచ్చాడు. అప్పుడు తీశారు. రిపోర్టులో ఏమీ లేదు. రెండు గంటలు దాటితే తప్పించుకోవచ్చని మీరు సంబరపడుతున్నారు. ఆ రెండు గంటల్లో ఎవరైనా వాణ్ణి పట్టుకుని ఉంటే బాగుండునని నేను ఇవాళ్టికీ అనుకుంటున్నాను. అదే సెక్షన్ బాబాయ్ గారూ. మీకు లొసుగు, మాకు దొరకని సాక్ష్యం.

నల్లకోటు:
వనజ గారూ, 100 మిల్లీలీటర్ల రక్తంలో మందు గంటకి సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాములు తగ్గుతుంది. మర్నాడు మధ్యాహ్నానికి దొరకదు, పారిపోయేవాళ్ళు పారిపోయేది అందుకే. మీ కేసు పాత ఐపీసీ 304ఏ, అంటే నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం కింద పెట్టి ఉంటారు, దానికి రెండేళ్ళే గరిష్ఠం. 2024 జులై నుంచి కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత 106లో ఐదేళ్ళ దాకా చేశారు. మందు విషయం రిపోర్టుతోనే రుజువు కావాలని కూడా లేదు, బారు బిల్లు, చూసినవాళ్ళ సాక్ష్యం పనికొస్తాయి. మీ లాయరు అవి పెట్టారా?

గట్టు మీద వనజ:
పెట్టమన్నాం. సీసీ కెమెరా ఫుటేజీ పదిహేను రోజులే ఉంటుందన్నారు, అడిగేసరికి చెరిగిపోయింది. నాకు సెక్షన్లు వద్దండి. మీరు చీటీలో తప్పులు వెతకడం నేర్పిస్తే ఇవాళ ఈ కుర్రాడి బావ నేర్చుకుంటాడు, రేపు ఆ కారు మనిషి నేర్చుకుంటాడు. ఆయనకి మీకంటే పెద్ద లాయరు దొరుకుతాడు.

నల్లకోటు:
చీటీ తప్పుగా ఉంటే తాగినవాడు కూడా తప్పించుకుంటాడు. సరిగ్గా రాయమని పోలీసుని బలవంతం చేసేది కూడా మేమే. ఇక్కడ మీకూ నాకూ కుదరదు.

వాయిదాల రాజు:
నా టోల్‌గేటు మాట మీద ఆవిడకి కోపం. ఆ కోపం న్యాయమే. కానీ కోర్టులో ఆ పది వేలు కట్టడానికి వరసలో నిలబడ్డవాళ్ళని చూడండి, ఒక్కడి మొహంలోనూ చేసిన పని తాలూకు ఆలోచన కనపడదు. ఎప్పుడు పిలుస్తారా అనే చూస్తారు. అదే చెప్పాను, మెచ్చుకోలేదు.

గట్టు మీద వనజ:
మరి విశాఖలో తాగి నడిపినవాళ్ళ చేత బీచ్ ఊడ్పించారు. ఇక్కడ ప్రభుత్వాస్పత్రి ఎముకల వార్డులో ఒక రాత్రి కూర్చోబెట్టమనండి. ఫైను మీ దగ్గరే ఉంచుకోండి.

ఆటో స్టాండ్:
దానికి నేనూ సై. కారాయన్ని కూడా కూర్చోబెడితే.

లంక కుర్రోడు:
చీటీ చూశామండి. పేరు, టైము, బండి నంబరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వనజక్కా, మీరు అడిగినదానికి సమాధానం. గట్టు రోడ్డు మీదే వచ్చాడు. వెనక మా అక్క ఉంది, హెల్మెట్ లేదు. ఆ సంగతి అక్క ఇందాకే చెప్పింది, ఏడుపు మచ్చ గురించి ఒక్కటే కాదట. బావ మంగళవారం ఒప్పుకుంటానంటున్నాడు. పాస్‌పోర్టు కోసమా అంటే, అవును, పాస్‌పోర్టు కోసమే.

గట్టు మీద వనజ:
కనీసం అబద్ధం చెప్పలేదు. మీ అక్కని అడిగానని చెప్పు.

చింతచెట్టు బాబాయ్:
ఒప్పుకోవద్దని మళ్ళీ చెప్తున్నాను.

వాయిదాల రాజు:
బాబాయ్ మాట వదిలెయ్ తమ్ముడూ. పదిన్నరకల్లా కోర్టు దగ్గర ఉండమను, ఆధారు, చీటీ తీసుకెళ్ళమను. పేరు పిలిచినప్పుడు టీ కొట్టు దగ్గర ఉంటే వారెంటు పడుతుంది, అప్పుడు ఖతార్ కథ మొదటికొస్తుంది. ఫైను కట్టాక రసీదు అడిగి తీసుకోమను, పాస్‌పోర్టు వాళ్ళకి చూపించాల్సింది అదీ, తీర్పు సర్టిఫైడ్ కాపీనూ. కాపీకి ఆరోజే అప్లికేషను పెట్టెయ్యమను, లేటైతే దానికీ వాయిదాలే.