దాళ్వాకి ముందు ఎలుక బుట్టలు, పక్క గట్ల సంగతి: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కౌలు_ఆకివీడు:
సార్వా (వానాకాలం వరి) కోతలైపోయాయి. దాళ్వా (రెండో పంట వరి) నాట్లలోపు ఎకరానికి ఎన్ని ఎలుక బుట్టలు (ఎలుకల్ని పట్టే వెదురు బోనులు) పెట్టించాలి? పాత బుట్టలు పనికొస్తాయా? ఎలుక మందు ముందా, బుట్టలు ముందా? పక్కనే చేపల చెరువు. ఆ గట్టు నిండా బొరియలే, చెరువు ఆసామి మాత్రం బుట్టలవాళ్లని కాలు పెట్టనివ్వట్లేదు.

వెదురు_బద్ద:
ఎకరానికి ఇరవై. పాత బుట్టకి విల్లు (వంచి కట్టే వెదురు బద్ద) చూడండి ముందు. వంచి వదిలితే పూర్తిగా నిటారుగా రావాలి. సగంలో ఆగిందంటే ఎలుక మెడ నొక్కేంత బలం లేదని, మార్చెయ్యండి. వంచిన విల్లుని అలాగే అటక మీద పడేస్తే మరుసటి ఏటికి బిగువు చచ్చిపోద్ది. కొత్త బద్ద ముదురు వెదురుదై ఉండాలి, కణుపు మధ్యలోకి రాకూడదు, విరిగేది అక్కడే. రాత్రంతా నానబెట్టి, పై పెచ్చు బయటివైపు ఉండేలా వంచండి. తాడు ఏటా కొత్తదే. నైలాన్ ముడి తడిస్తే జారుద్ది, పురికొసకి మైనం రుద్దుకోండి.

గట్టు_రాజా:
ఇన్ని చెప్పి అసలుది వదిలేశారు. పాత బుట్టలు బూడిద నీళ్లతో కడిగి ఎండబెట్టకపోతే నెత్తురు వాసనకి ఒక్క ఎలుకా దగ్గరికి రాదు.

వెదురు_బద్ద:
ఎవరు చెప్పారండీ? ఎలుక పడ్డ బుట్టలోనే మళ్లీ పడుద్ది, తోటి ఎలుక వాసన దానికి కొత్తేం కాదు. పురుగుమందుల గదిలో గుళికల సంచి పక్కన పెట్టిన బుట్ట అయితే కడగండి, అదీ సబ్బు లేకుండా.

గట్టు_రాజా:
మా ఊళ్లో బుట్టలు కట్టేవాళ్లకి పని నేర్పింది మా ఇంటివాళ్లు. మీరు చెప్పేది పుస్తకంలో బావుంటది.

నూకల_లెక్క:
మీ ఇద్దరి వాసన గొడవ పక్కన పెట్టండి. కౌలు గారూ, ఒకే వారంలో మందూ బుట్టలూ రెండూ పెట్టొద్దు. మందు జింకు ఫాస్ఫైడ్ అయితే ముందు రెండు రోజులు 98 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, మందు లేకుండా పెట్టాలి. అలవాటు పడ్డాక 96 నూకలు, 2 నూనె, 2 మందు. కర్రతో కలపాలి, చేత్తో ముట్టొద్దు, నీళ్ల చుక్క తగలనివ్వొద్దు, విషవాయువు లేస్తది. అలవాటు చెయ్యకుండా పెడితే కొంచెం తిని కడుపు నొప్పొచ్చిన ఎలుక ఆ ఎరని మళ్లీ ముట్టదు, బుట్టలో అదే నూకలు పెట్టినా ముట్టదు. బుట్టలు పట్టేవాళ్లు కొందరు ఎలుక తింటారు, అమ్ముతారు కూడా. పక్క రైతు మందు పెట్టాడని వాళ్లకి చెప్పకపోవడం ఘోరం.

దాళ్వా_బాబాయ్:
బ్రోమాడయోలోన్ అనే ఎలుక మందు వాడితే ఈ అలవాటు చెయ్యడాలేం అక్కర్లేదుగా తమ్ముడూ.

నూకల_లెక్క:
అక్కర్లేదు బాబాయ్, చావడానికి రోజులు పడతాయి కాబట్టి ఎలుక ఎరని అనుమానించదు. ఆ చచ్చినదాన్ని గుడ్లగూబ తింటే దానికీ ఎక్కుద్ది. పొలంలో గూబల కోసం కర్రలు పాతేవాళ్లు ఇది చూసుకోవాలి.

కర్ర_పాతినవాడు:
మా కర్రల మీద పగలు కాకులు తప్ప ఏవీ వాలట్లేదు. ఎంత ఎత్తు ఉండాలి?

కాలవ_గట్టు:
కర్రలకి వేరే చర్చ పెట్టుకోండి. అడిగింది గట్టు గురించి. చెరువు ఆసాములకి భయం మూడింటికి: వలలు, చేపల దొంగతనం, గట్టు తవ్వకం. ఒప్పందం ఇలా అడగండి: బుట్టలే, పలుగు రాదు. సాయంత్రం పెట్టడం, తెల్లారకముందే తియ్యడం, వచ్చేవాళ్ల పేర్లు కాపలావాడి దగ్గర. బొరియలు పెరిగితే గట్టు కారేది ఆయనకే, అది గుర్తుచేస్తే సగం మెత్తబడతాడు. కాలవ గట్టు మాత్రం ఇరిగేషన్‌వాళ్లది, అక్కడ తవ్వితే గండి పడుద్ది, కేసు మీ మీదికొస్తది. మీది కౌలు కాబట్టి భూమి ఆసామికీ ఓ మాట చెప్పి ఉంచండి.

వెదురు_బద్ద:
బుట్టలు పెట్టే ముందు రోజు సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసెయ్యండి. పొద్దున తెరుచుకున్నవే బతికున్నవి. బుట్టలు వాటి దగ్గర, ఎలుక తిరిగే దారి మీద. నీళ్లుంటే మట్టి ముద్ద మీద. మూడు రాత్రుల తర్వాత పడటం తగ్గితే చోటు మార్చండి. వరి పొట్ట దశ (వెన్ను బయటికి రాకముందు) దాకా ఆగితే చెయ్యి దాటిపోయినట్టే, కడుపుతో ఉన్న ఎలుకలు మూడు వారాలు దాటగానే ఈనేస్తాయి.

గట్టు_రాజా:
బొరియలో చెయ్యి పెట్టే ముందు కట్లపాము గురించి కూడా చెప్పండి, పెద్ద మేస్త్రి గారూ. కడగడం మాట మీద నేనింకా అక్కడే ఉన్నా.

దాళ్వా_బాబాయ్:
కూలి ఎవరూ చెప్పలేదు. తోక లెక్కన (పట్టిన ఎలుకకి ఇంత అని) ఇస్తే పక్క ఊరి తోకలు కలుస్తాయి, ఎకరం లెక్కన ఇస్తే రెండో రోజు మనిషి కనపడడు. మా వైపు తోక లెక్కే, కాకపోతే ఎలుక మొత్తం చూపించాలి. తోక కోసిస్తే లెక్కలోకి రాదు.

కౌలు_ఆకివీడు:
చెరువు ఆసామి సరే అన్నాడు, కాపలావాడికి రోజుకో ఎలుక ఇవ్వాలట. మిగతా రైతులు కలిసిరాకపోతే నా పన్నెండెకరాల్లోనే పెట్టించనా?

కాలవ_గట్టు:
పెట్టించండి, కానీ చుట్టూ గట్లకి బుట్టలు రెట్టింపు వెయ్యండి. పక్క పొలం నుంచి వారంలో మళ్లీ దిగుతాయి.