గోడౌన్‌లో 188 బస్తాలు తక్కువ, ఇంట్లో అడిగితే "మన మనిషినే అనుమానిస్తావా" అంటున్నారు

పాలకొల్లు అబ్బాయి:
అందరికీ నమస్కారమండి. తాతగారు పెట్టిన రైస్ మిల్లు, నాన్నగారి రొయ్యల మేత డీలర్‌షిప్, బాబాయి చూసుకునే 60 ఎకరాల చెరువులు, ఆరు లారీలు, ఇవీ మా వ్యాపారాలు. మిల్లు ప్రైవేట్ లిమిటెడ్, మేత పార్టనర్‌షిప్. పోయిన నెల నేనే నిలబడి మేత బస్తాలు లెక్కపెట్టించాను. పుస్తకంలో 1,240, నేల మీద 1,052. గుమస్తా గారు 22 ఏళ్లుగా మాతో ఉన్నారు, సరుకు దించుకునేదీ ఆయనే, పుస్తకం రాసేదీ ఆయనే, రైతుల దగ్గర వసూళ్లూ ఆయనే. పుస్తకంలో కొన్ని పేజీల్లో అంకెలు పెన్సిల్‌తో ఉన్నాయి, డ్రాయర్లో నాన్నగారు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు మూడు కనిపించాయి. నాన్నగారేమో నా మీదే కోప్పడ్డారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదండి, ఎక్కడ మొదలుపెట్టాలి?

భీమవరం ఆడిటర్:
ముందు ఆయన్ని దొంగ అనకండి తమ్ముడూ. 188 బస్తాలు బిల్లు లేకుండా మీ బాబాయి గారి చెరువులకే వెళ్లి ఉండొచ్చు, ఇలాంటి ఇళ్లలో నేను ఎక్కువగా చూసేది అదే. "మన చెరువే కదా" అని లారీ ఎక్కించేస్తారు, చీటీ కూడా ఉండదు. ఆ చెక్కులు మాత్రం ఈరోజే చింపేయండి. సరుకు దించుకునే మనిషి, పుస్తకం రాసే మనిషి, డబ్బు తీసుకునే మనిషి వేరువేరుగా ఉండాలి. ముగ్గురు లేకపోతే కనీసం వసూళ్లయినా ఆయన చేతిలోంచి తీయండి, తేడా వస్తే ఆ పెద్దాయనకూ అదే రక్ష. టర్నోవర్ 200 కోట్లు చేరిన లేదా బ్యాంకు అప్పు 100 కోట్లు దాటిన ప్రైవేటు కంపెనీకే ఇంటర్నల్ ఆడిట్ తప్పనిసరి, మీకు చట్టం చెప్పకపోవచ్చు, అయినా పెట్టుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో నమోదు కావాలి. అది మీ మిల్లుకు వర్తిస్తుంది, పార్టనర్‌షిప్‌కు కాదు, మీ పెన్సిల్ అంకెలు ఉన్నది సరిగ్గా అక్కడే.

అమలాపురం నుంచి:
బస్తాల సంగతి తేలుతుంది గానీ నాకు భయం వేసేది వేరేదండి. మాకూ మిల్లు, చెరువులు రెండూ ఉండేవి. ఒక ఏడాది సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన 40 రోజులకే తెల్ల మచ్చ తెగులు వచ్చి పంట పోయింది, మిల్లు సీసీ అకౌంట్లోంచి, అంటే బ్యాంకు ఒక లిమిట్ వరకు వాడుకోనిచ్చే అప్పు ఖాతాలోంచి, తీసి మళ్లీ సీడ్, మేత కొన్నాం, ఎవరూ ఎక్కడా రాయలేదు, అన్నదమ్ములమే కదా అనుకున్నాం. కోతలకు ధాన్యం కళ్ల ముందు కాటా దగ్గర ఉంటే కొనడానికి లిమిట్ లేదు. మిల్లు మూసి లీజుకు ఇచ్చాం. నాలుగు వ్యాపారాలు ఉంటే ఒకటి పోయినా మూడు నిలబెడతాయనుకుంటాం, కానీ మీ మేత బాకీలు, చెరువులు, లారీలు మూడూ రొయ్య రేటు మీదే ఉన్నాయి. 2025 ఆగస్టు 27న మన దేశపు సరుకుల మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది, అలాంటప్పుడు రేటు పడితే మూడూ కలిసే పడతాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది ఇస్తారు కదా, నీళ్లు గట్టు దాటాక కాదు. మేత బాకీ ఎంతకు చేరితే కొత్త అప్పు ఆపాలో, మిల్లు నుంచి చెరువులకు ఎంత దాటితే ఇంట్లో అందరూ కూర్చోవాలో ఇప్పుడే రాసి సంతకాలు పెట్టుకోండి.

తణుకు:
ఒక్క మాట. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటపడినప్పుడు పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని తేలింది. అందుకే బ్యాంకు స్టేట్‌మెంట్ గుమస్తా చేతుల మీదుగా కాకుండా నేరుగా మీ నాన్నగారికి వచ్చేలా చేయండి.

పాలకొల్లు అబ్బాయి:
చాలా థాంక్సండి. ఆడిటర్ గారూ, మీరన్నదే నిజమైంది, 146 బస్తాలు బాబాయి చెరువులకే వెళ్లాయి, లారీ డ్రైవర్ల డైరీల్లో దొరికాయి. నాన్నగారికి ఆ డైరీలు చూపించాను, ఏమీ అనలేదు, చెక్కులు మాత్రం ఆయనే చింపారు. మిగతా 42 ఇంకా తేలలేదు. ఆదివారం గుమస్తా గారితో కలిసి మళ్లీ లెక్కపెడుతున్నాం, బాబాయి కూడా వస్తానన్నారు.